అభిమానానికి గుండెను బలి ఇవ్వకండి

"ఆటే కదా, అంత ఆవేశమెందుకు?" అని క్రీడాభిమానిని చులకన చేసేవారితో నేను ఏకీభవించను. అది ఆటేనని మీ బుద్ధికి తెలుసు, శరీరానికి తెలియదు. చివరి ఓవర్ ఉత్కంఠలో అడ్రినలిన్ ఉప్పొంగి, నాడి వేగమూ రక్తపోటూ పెరుగుతాయి. గుండె రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వు పొర చిట్లితే, అక్కడే రక్తం గడ్డకట్టి గుండెపోటు రావచ్చు.

జర్మనీలో 2006 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంత వైద్యులు దీనిని లెక్కగట్టారు. జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో అత్యవసర గుండె సమస్యలు మామూలు రోజులకంటే 2.66 రెట్లు నమోదయ్యాయి.

అయితే మ్యాచ్ చూడటం మానాలా? అక్కరలేదు. మానవలసింది మూర్ఖత్వాన్ని. రాత్రి వేసుకోవలసిన బీపీ మాత్ర మరచి, సిగరెట్ మీద సిగరెట్ కాలుస్తూ, ఛాతీ పట్టేసినా "ఈ ఓవర్ కానీ" అని కూర్చోవడాన్ని అభిమానమని పొగడకండి. మీ ప్రాణం పోయినంత మాత్రాన మీ జట్టుకు ఒక్క పరుగూ కలవదు.

ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం కనిపిస్తే తక్షణమే 108కు ఫోన్ చేయండి. స్కోరు రేపటి పత్రికలోనూ ఉంటుంది. చచ్చిన గుండె కండరం మాత్రం తిరిగి బ్రతకదు.