జాడీ భుజాల మీద రెండు రంగులు

ఎండలు ముదిరాయంటే కర్నూలు, కడప ఇళ్లలో రెండు మట్టిపాత్రలకు పని పడుతుంది. ఒకటి నీళ్లకుండ. రెండోది ఊరగాయ జాడీ. రెండూ మట్టివే అయినా గుణాలు వేరు. కుండకు ఒళ్లంతా చెమట పడితేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. జాడీ మాత్రం చుక్క కూడా బయటికి వదలకూడదు. ఆ తేడా అంతా ఎక్కువ వేడికి గట్టిపడిన మట్టిదీ, దానిమీది గాజులాంటి పూతదీ. ఆ పూతనే గ్లేజు అంటారు. (నీళ్లకుండకు కూడా గ్లేజు వేయిస్తే బాగుంటుందని ముచ్చటపడేవాళ్లు ఉంటారు. చూడ్డానికి బాగానే ఉంటుంది, నీళ్లే చల్లబడవు!)

పాత జాడీని ఓసారి గమనించండి. భుజాల దాకా గోధుమరంగు, కింద మీగడరంగు. ఇంట్లో కరెంటు బట్టీ పెట్టుకుని పాత్రలు చేసేవాళ్లకు ఇలా ఒక రంగు మీద ఇంకోటి వేయాలని సరదా. తిప్పలు మొదలయ్యేది అక్కడే. గోడకు సున్నం మీద సున్నం కొట్టినట్టు కాదిది. గ్లేజంటే నీళ్లలో కలిపిన రాతిపొడి. అందులోని సిలికా ఒక్కటే కరగాలంటే 1,700 డిగ్రీల వేడి కావాలి. సున్నం, సోడా లాంటివి తోడైతే చాలా ముందే కరుగుతుంది. రెండు గ్లేజులు కలిసినచోట మూడోదేదో పుడుతుంది. చాలాసార్లు అది ఆ రెండింటికన్నా ముందే కరిగి తేనెలా కిందికి జారుతుంది. బట్టీలోని పలకకు అతుక్కుందా, పాత్రా పోయె, పలకా పోయె! అందుకే రెండో పూత పైభాగానికే వేస్తారు, అడుగున కాస్త మేర అసలు పూయరు. మొదటి పూత పిండిలా ఎండిపోయాక రెండోది వేసినా చిక్కే. తడికి అది పైకి లేచి, వేడికి ముడుచుకుని, మచ్చలు మచ్చలుగా మట్టి బయటపడుతుంది.

కరెంటు బట్టీలో పొగ ఉండదు, గాలి ఆడుతుంది. కాబట్టి రాగి కలిపిన గ్లేజు మామూలుగా ఆకుపచ్చగా వస్తుంది. గాలి చాలని కట్టెల బట్టీలో అదే రాగి ఎర్రబడుతుంది.

ఇక సీమ సంగతి. బేతంచెర్ల వైపు బలపపు రాయి, కడప జిల్లాలో కావలసినంత సున్నపురాయి. రెండూ గ్లేజుకు పనికొచ్చేవే. కానీ అవి బాగా పనిచేసేది 1,200 డిగ్రీల దరిదాపుల్లో. కుమ్మరులు కుండలకు వాడే మామూలు మట్టి, కాలితే ఎర్రబడేది, ఆ వేడికి ఉబ్బి కూలబడుతుంది. దానికి 1,000 - 1,050 డిగ్రీలే సుఖం. అందుబాటులో ఉన్న రాయి ఒక వేడికి, మట్టి ఇంకో వేడికి! జాడీలకు వాడేది ఎక్కువ వేడిని తట్టుకునే వేరే మట్టి.

మరి మామూలు మట్టికి గ్లేజు ఎలా? తక్కువ వేడికే కరగాలని ఎన్నో దేశాల కుమ్మరులు వందల ఏళ్లు వాడింది సీసం. అద్దంలా మెరుస్తుంది, ఖర్చూ తక్కువ. కానీ చింతపండు పులుసు, నిమ్మకాయ ఊరగాయ ఆ సీసాన్ని మెల్లమెల్లగా లాగేస్తాయి. పసిపిల్లల మెదడుకు అది మరీ చేటు. సీసం గ్లేజు మీద రాగి కలిసిన ఆకుపచ్చ పూత వేశారో, సీసం ఇంకా తేలిగ్గా బయటికొస్తుంది. అంటే రెండు పూతలు విడివిడిగా ఎలా ఉన్నాయన్నదే కాదు, కలిసి ఏం చేస్తున్నాయన్నదీ చూడాలి.

సీసం బదులు బోరాన్ ఉన్న ఫ్రిట్ దొరుకుతుంది. ముందే కరిగించి పొడి చేసిన గాజు అది. కొనేటప్పుడు 'సీసం లేనిదేనా' అని అడిగి తీసుకోవాలి. పాత్ర తయారయ్యాక లోపల ఓ నిమ్మచెక్క రాత్రంతా ఉంచి చూడండి. రంగు మారితే అందులో తిండి పెట్టొద్దు. మారలేదు కదా అని సీసం లేదనుకోవడానికీ వీల్లేదు, అది తేల్చేది ప్రయోగశాలే. అంతవరకు ఆ జాడీలో పూలు పెట్టుకోవచ్చు.