కొలనుకు మన పేరెందుకు?

మహాశివరాత్రి సమీపించగానే మన మారిషస్ దీవిలోని దారులన్నీ గ్రాన్ బాసిన్ వైపు సాగుతాయి. తెల్లని వస్త్రాలు ధరించి, కన్వర్లు భుజాన మోసుకొని కాలినడకన ఆ గంగా తలావ్ చేరుకొనే లక్షలాది యాత్రికులలో మన తెలుగువారు కూడ ఉన్నారు. ఆ యాత్రను గూర్చి నాకు ఏ ఆక్షేపణా లేదు. నేనూ ఎన్నో ఏండ్లు నడిచినవాడనే. ఈ వ్యాసం మరొక కొలనును గూర్చినది. గ్రాన్ బాసిన్‌కు కొద్ది కిలోమీటర్ల దక్షిణాన, సవాన్ జిల్లాలో, అడవి నడుమ అది నిశ్శబ్దంగా ఉన్నది. దాని పేరు బాసిన్ బ్లాన్. గ్రాన్ బాసిన్ వలెనే అది కూడ చల్లారిన అగ్నిపర్వత బిలంలో నీరు నిలిచి ఏర్పడినది. అక్కడ గుడి లేదు, మెట్లు లేవు, అంగళ్ళు లేవు. అందుచేతనే కాబోలు, మనలో చాలమంది దానిని చూడనే లేదు.

ఇటీవల పూజానంతరం జరిగే మాటామంతీలో కొందరు పెద్దలు ఒక ఆలోచన వెలిబుచ్చుతున్నారు. "గ్రాన్ బాసిన్ అందరిదీ. తెలుగువారికంటూ ఒక తీర్థం ఉండవద్దా? బాసిన్ బ్లాన్‌కు గోదావరి పేరు పెడదాము. గోదావరీ జలం తెప్పించి అందులో కలుపుదాము. ఒడ్డున చిన్న కోవెల కట్టి, ఏటా ఒక ఉత్సవం జరుపుదాము" అన్నది వారి మాట. దీనికి పూర్వోదాహరణ లేకపోలేదు. ఒకనాడు పరీ తలావ్ అని పిలువబడిన గ్రాన్ బాసిన్‌లో 1972లో గంగాజలం కలిపిన తరువాతనే గంగా తలావ్ అన్న పేరు స్థిరపడినది. పెద్దల భక్తిని నేను శంకించను. కాని ఈ ఆలోచన పొరపాటని, అది మన బిడ్డలకు మేలు చేయదని, ఆ కొలనుకు కీడు చేస్తుందని నిస్సంకోచంగా చెప్పదలచుకొన్నాను.

గత జూన్ నెలలో నా మనవరాలిని వెంటబెట్టుకొని అక్కడికి వెళ్ళాను. చలికాలపు ఉదయం. షమూనీ గ్రామం వైపు దిగే మలుపుల దారిలో ఒకచోట బండి ఆపి చూస్తే, దిగువన పొగమంచు కదలుతూ కొలను కొంచెం కొంచెంగా కనబడినది. చుట్టూ నిటారైన గట్లు, గట్ల నిండా చెట్లు. కొంతసేపటివరకు ఇద్దరమూ మాట్లాడలేదు. పిల్ల నా చేయి పట్టుకొని, "తాతా, ఇక్కడ ఎవరూ లేరేం?" అని క్రియోల్ భాషలో అడిగినది. లోపల ఏదో పక్షి పిలిచినది. "ఉన్నారుగా, విను" అన్నాను.

తిరిగి వస్తూండగా దారి పక్కన తుప్పలో ఏదో ఎర్రగా మెరిసినది. పిల్ల వంగి తీసినది. అదొక చిన్న ప్లాస్టిక్ పొట్లం. ఆదివారపు తెలుగు తరగతిలో ఈ మధ్యనే గుణింతాలు పూర్తిచేసిన పిల్ల ఆ పొట్లం మీది అక్షరాలను కూడబలుక్కొని చదివినది: "కుం... కు... మ." తరగతి గది వెలుపల ఆమె తనంతట తాను చదివిన మొదటి తెలుగు మాట అది. చదువగలిగినందుకు ఆమె ముఖం వెలిగిపోయినది. నా ముఖం మాత్రం వాడిపోయినది. ఆ అడవిలో మన అక్షరాలు ఆ రూపంలో పడి ఉండడం నేను భరింపలేకపోయాను.

గుడి లేనప్పుడే ఒక పొట్లం చేరినది. గుడి కట్టి, ఉత్సవం జరిపి, ధ్వనివర్ధకాలు పెట్టి, వందల బండ్లు నిలిపితే ఏమేమి చేరునో ఎవరికి వారే ఊహించుకొనవచ్చును. "పువ్వులు, దీపమూ నీటికి ఏమి చెరుపు చేస్తాయి?" అని అడిగేవారున్నారు. ఒక్క పువ్వు ఏమీ చేయదు. కాని మనం ఒక్క పువ్వుతో ఆగే జాతి కాదు. పైగా అది నది కాదు, నిలువ నీరు. గోదావరిలో విడిచిన దీపం ప్రవాహంతో సాగిపోతుంది. ఇక్కడ విడిచినది ఇక్కడనే ఉండిపోతుంది.

ఆ కొలనును చుట్టిన అడవి ఎటువంటిదో మనం మన పిల్లలకు చెప్పడం లేదు. మారిషస్‌లో మంచి స్థితిలో మిగిలిన స్వదేశీ అడవి దీవి విస్తీర్ణంలో 2 శాతం కూడ లేదు. 1638లో ఇక్కడ స్థిరపడిన డచ్చివారు నల్లచేవ కోసం ఎబొనీ చెట్లను నరికివేశారు. ఆ శతాబ్దం ముగియకముందే డోడో పక్షి అంతరించినది. ఆపైన చెరకు తోటల కోసం మైదానాలలోని అడవి పోయినది. ఆ తోటలలో చెమటోడ్చినవారు మన పూర్వులే. ఇక మిగిలిన అడవిలో మనం ఇష్టంగా కోసుకొని తినే గొయావ్ ద షిన్, అనగా ఆ చిన్న ఎర్రజామ, దట్టంగా అల్లుకొని స్వదేశీ మొలకలను పైకి రానీయడం లేదు. అది బ్రెజిల్ నుండి వచ్చిన మొక్క. పిట్టలు, కోతులు, అడవిపందులు దాని గింజలను వెదజల్లుతాయి.

ఇంత నష్టం జరిగిన తరువాత కూడ ఈ దక్షిణపు అడవులలో కొంత ప్రాణం నిలిచి ఉన్నది. మారిషస్ డేగ 1974 నాటికి అడవిలో నాలుగంటే నాలుగు పక్షులకు తగ్గినది. గులాబీ పావురం 1990 ప్రాంతంలో పది పక్షులకు దిగిపోయినది. ఈ దీవి పచ్చచిలుక కూడ ఒకప్పుడు వేళ్ళమీద లెక్కింపదగినంతగా తగ్గిపోయినది. ఏండ్ల తరబడి గుడ్లు కాపాడి, గూళ్ళు అమర్చి, మేత పెట్టి కొందరు వాటిని మళ్ళీ వందలకు పెంచారు. 1994లో బ్లాక్ రివర్ గార్జెస్ జాతీయ వనం ఏర్పడినది ఇటువంటి జీవులకు చోటు మిగల్చడానికే. అటువంటి చోట మైకు పెట్టి భజన చేయడం నాకు భక్తిగా తోచదు.

"పేరు పెట్టకుంటే, గుడి కట్టకుంటే మన ఉనికి ఏమవుతుంది?" అన్నది రెండవ వాదం. ఇది తేలికగా కొట్టివేయదగినది కాదు. 1834లో మొదలైన ఒప్పంద కూలీల వలసలో ఇక్కడికి చేరిన మన పూర్వులు కోరంగి రేవులో ఓడ ఎక్కినందువలన వారిని కోరంగీలని పిలిచారు. ఆ పేరు మన పూర్వులు ఎంచుకొన్నది కాదు, రేవును చూసి ఇతరులు తగిలించినది. అటువంటి అనుభవం గల మనం ఒక కొలనుకు మన గుర్తు తగిలించడానికి తొందరపడవచ్చునా? బాసిన్ బ్లాన్ అన్నది మాత్రం దాని సొంత పేరా, ఫ్రెంచివారు పెట్టినదే గదా అని అడుగవచ్చును. నిజమే. కాని ఒకరు పెట్టిన పేరును మరొకరు తుడుచుకుంటూ పోతే రేపు మన పేరునూ తుడిచేవారు వస్తారు.

మన ఉనికి పేరుపలకలో కంటె మన మాటలలో ఎక్కువగా నిలుస్తుంది. నీటిని గూర్చి తెలుగులో ఎన్ని మాటలున్నాయో చూడండి. మనుషులు కట్ట వేసి నీరు నిలిపితే అది చెరువు. చిన్నదైతే కుంట. గుడి దగ్గర మెట్లతో కట్టినది కోనేరు. ఏటిలో లోతుగా నీరు నిలిచిన చోటు మడుగు. ప్రకృతి సిద్ధమైనది సరస్సు. ముచ్చటగా చిన్నదైతే కొలను. బాసిన్ బ్లాన్ వీటిలో ఏది? ఆ ఒడ్డున నిలిచి ఈ ప్రశ్న పిల్లలను అడగండి. కట్ట ఎక్కడున్నదని వారు వెదుకుతారు. కట్ట లేదు గనుక చెరువు కాదంటారు. ఆ పూట నేర్చుకొన్న తెలుగు వారికి పుస్తకంలోని తెలుగు కంటె ఎక్కువ కాలం నిలుస్తుంది.

మన పూర్వుల నేల మీది కొల్లేరును కూడ ఈ సందర్భంలో తలచుకోవాలి. కృష్ణా గోదావరుల నడుమనున్న ఆ మహాసరస్సు మనలో చాలమంది తాతముత్తాతలు విడిచి వచ్చిన తీరానికి దూరం కాదు. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ కొలువున్నది. ఆ తల్లికి పూజలు ఏనాడూ తగ్గలేదు. అయినా సరస్సు మాత్రం చేపల చెరువుల కింద ముక్కలు ముక్కలయినది. 1999లో దానిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ చిత్తడినేలల జాబితాలో చేరినది. చివరకు 2006లో ప్రభుత్వమే చేపల చెరువుల గట్లను తెగగొట్టవలసి వచ్చినది. ఒడ్డున గుడి ఉన్నంత మాత్రాన నీటికి రక్షణ కలుగదని మన కొల్లేరే చెబుతున్నది.

"గుడి లేకుంటే పిల్లలు రారు" అన్నది మూడవ వాదం. గుడి కట్టడం పుణ్యకార్యమే. కాని మన సప్తసంతానాలలో దేవాలయంతో పాటు తటాకమూ, వనమూ ఉన్నాయి. బాసిన్ బ్లాన్ దగ్గర ఆ రెండూ మన శ్రమ లేకుండానే సిద్ధంగా ఉన్నాయి. కాపాడుకొనడమే మన వంతు. క్రొత్తది కట్టడం కంటె జీర్ణోద్ధరణ మేలని మన పెద్దలే అంటారు.

కాబట్టి కొలను దగ్గరకు గుడిని తీసుకొనిపోవడానికి బదులు, అడవిని మన గుడికి తెచ్చుకొందామని నా ప్రతిపాదన. మన కోవెలలకు స్థలవృక్షం ఉండడం ఆచారం. ఇక్కడి ఎబొనీ మన తునికి చెట్టుకు చుట్టం. ఇక్కడి వక్వా మన మొగలికి తోబుట్టువు. ఈ ఉగాదికి మన కోవెల ప్రాంగణంలో స్వదేశీ వృక్షాల నర్సరీ నుండి తెచ్చిన ఎబొనీ మొలకను నాటి, దానినే మన స్థలవృక్షంగా పూజింపరాదా? అది మెల్లగా పెరుగుతుంది. నాటిన మనం దాని నీడ చూడకపోవచ్చును. మన మనవల మనవలు చూస్తారు.

బాసిన్ బ్లాన్‌కు వెళ్ళవద్దని నేను అనడం లేదు. తప్పక వెళ్ళండి. ఒక కుటుంబమో రెండు కుటుంబాలో కలిసి, ఉదయాన్నే వెళ్ళండి. బయలుదేరే ముందు చెప్పుల అడుగున అంటిన మట్టిని, గింజలను దులపండి. అడవిలో ఏదీ కోయవద్దు, కోతులకు ఏదీ పెట్టవద్దు. దీపం ఇంటిలోనో గుడిలోనో వెలిగించి వెళ్ళండి. అక్కడ చేతులు జోడించడానికి ఏ సామగ్రీ అక్కరలేదు. ఒక ఖాళీ సంచి మాత్రం వెంట ఉండాలి. ఎవరో పారవేసినది కనబడితే అందులో వేసుకొని రండి. దాని మీద మన అక్షరాలుంటే మరింత తప్పక తీసుకొని రండి.

ఆనాటి పొట్లాన్ని నా మనవరాలు కడిగి, ఆరబెట్టి, తన తెలుగు నోటు పుస్తకంలో అంటించుకొన్నది. దాని కింద ఏమి వ్రాయమంటావు తాతా అని అడిగినది. "కొలను" అని వ్రాయమన్నాను.