టవర్ల ఎత్తుకు రోడ్డే కొలమానం.. నాలా మాటేమిటి?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కాలనీల్లో ఆకాశహర్మ్యాలపై తర్జనభర్జన

ఎల్బీనగర్: నిన్నమొన్నటి వరకు నాలుగైదు అంతస్తుల అపార్టుమెంటే పెద్ద కట్టడంగా చలామణి అయిన నగర తూర్పు ప్రాంతంలో ఇప్పుడు 30 అంతస్తుల టవర్లు చర్చనీయాంశమయ్యాయి. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ పరిసరాల్లో విశాలమైన ఖాళీ స్థలం చుట్టూ రేకులు పాతితే చాలు, అక్కడ ఎన్ని అంతస్తులు లేస్తాయోనన్న ఊహాగానాలు మొదలవుతున్నాయి. తమ ప్రాంతానికీ మంచి రోజులు వచ్చాయని సంతోషించేవారు కొందరైతే, ఉన్న డ్రైనేజీకే దిక్కులేదు, కొత్త భారాన్ని ఎవరు మోస్తారని నిలదీసేవారు మరికొందరు. ఇరుపక్షాల వాదనల్లోనూ నిజం ఉంది. చిక్కంతా అనుమతుల నిబంధనల్లోనే ఉంది.

మెట్రో తెచ్చిన మార్పు

విజయవాడ జాతీయ రహదారి వెంట నల్గొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చినవారు తొలుత స్థిరపడిన ప్రాంతమిది. చిరుద్యోగులు, ఉపాధ్యాయులు, వ్యాపారులు రెండు వందల గజాల స్థలం కొనుక్కొని ఇల్లు కట్టుకున్నారు. కోచింగ్ కేంద్రాలు, వసతి గృహాలతో దిల్‌సుఖ్‌నగర్ విద్యార్థులకు చిరునామాగా మారింది. 2007 ఏప్రిల్ 16న ఎల్బీనగర్ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో విలీనమైంది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట-ఎల్బీనగర్ మెట్రో ప్రారంభం కావడంతో మియాపూర్ వరకు 29 కిలోమీటర్ల మార్గం పూర్తయింది. కామినేని, నాగోలు, ఎల్బీనగర్ కూడళ్లలో పైవంతెనలు వచ్చాయి. దాంతో గచ్చిబౌలి, కొండాపూర్‌లకే పరిమితమనుకున్న టవర్ల సంస్కృతి తూర్పుకూ పాకింది.

ఎవరి వాదన వారిదే

మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలోనే ఎక్కువ ఇళ్లు ఉండాలన్నది సమర్థకుల మాట. ఇక్కడ ఎత్తుకు అనుమతించకపోతే నగరం హయత్‌నగర్, పెద్దఅంబర్‌పేట దాటి పంట పొలాల మీదికి విస్తరిస్తుందని, అప్పుడు రోడ్లు, నీటి గొట్టాల ఖర్చు మరింత పెరుగుతుందని వారు గుర్తుచేస్తున్నారు. పాత ఇల్లు ఉన్నవారికి స్థలం విలువ పెరగడం, చిరువ్యాపారులకు గిరాకీ రావడం కూడా కాదనలేనివే.

పక్కనే సొంత ఇళ్లలో ఉంటున్నవారి ఆందోళన వేరు. టవర్ ముఖద్వారం వంద అడుగుల రోడ్డుపై ఉన్నా, వాహనాలు అడ్డదారి వెతుక్కొని ముప్పై అడుగుల కాలనీ రోడ్లలోకి వస్తాయి. నీటి పీడనం తగ్గుతుంది, మురుగు పొంగుతుంది. అద్దెలు పెరిగితే వసతి గృహాల విద్యార్థులు, చిరుద్యోగులు ఊరికి మరింత దూరం జరగాల్సి వస్తుంది. అద్దెకుండేవారి మాట మాత్రం సంక్షేమ సంఘాల చర్చల్లో అంతగా వినిపించదు.

నిబంధన ఏం చెబుతోంది?

ముంబయి, చెన్నై, బెంగళూరులలో స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితి (ఎఫ్ఎస్ఐ) ఉంది. హైదరాబాద్‌లో ఆ పరిమితిని 2006 మార్చిలో జీవో 86 ద్వారా తొలగించారు. భవనం ఎత్తును ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ స్థలమే నిర్ణయిస్తున్నాయి. 2012 ఏప్రిల్ నాటి జీవో 168 దీన్నే కొనసాగించింది. దాని ప్రకారం 18 మీటర్లు, ఆపై ఎత్తున్న కట్టడం హైరైజ్ కిందికి వస్తుంది. దానికి కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం, 12 మీటర్ల రోడ్డు ఉండాలి. ఎత్తు పెరిగేకొద్దీ రోడ్డు వెడల్పు, ఖాళీ స్థలం పెరగాలి. కాబట్టి ముప్పై అడుగుల అంతర్గత వీధుల్లో ఆకాశహర్మ్యాలు రావు. ప్రధాన రహదారుల పక్కన, పెద్ద స్థలాల్లోనే వస్తాయి.

అగ్నిమాపక వాహనం తిరగడానికి, గాలి వెలుతురుకు ఈ నిబంధన సరిపోతుంది. కానీ ఆ భవనం నుంచి వెళ్లే మురుగు ఏ గొట్టంలో కలుస్తుంది, వాన నీరు ఏ నాలాలోకి చేరుతుంది, దానికి ఆ సామర్థ్యం ఉందా అన్న లెక్కను బట్టి మాత్రం అంతస్తులు తగ్గవు, పెరగవు.

లెక్క వేస్తే..

ఉదాహరణకు 500 ఫ్లాట్ల సముదాయాన్ని తీసుకుంటే, ఇంటికి నలుగురు చొప్పున 2,000 మంది. కేంద్ర ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున 2.70 లక్షల లీటర్ల నీరు కావాలి. అందులో 80 శాతం, అంటే 2.16 లక్షల లీటర్లు మురుగుగా మారుతుంది. ఇక ఎకరం స్థలంలో 10 సెంటీమీటర్ల వాన కురిస్తే సుమారు 4 లక్షల లీటర్లు. నేలంతా కాంక్రీటు చేస్తే అందులో ఎక్కువ భాగం పల్లానికే పోతుంది.

పల్లం ఎక్కడుందో ఈ ప్రాంతవాసులకు చెప్పనక్కర్లేదు. మీర్‌పేట, జిల్లెలగూడ వైపు గొలుసు చెరువుల నీరు సరూర్‌నగర్ చెరువుకు, అక్కడి నుంచి కాలనీల మీదుగా మూసీకి చేరాలి. 2020 అక్టోబరు 13 నాటి కుండపోతకు చెరువు కింది కోదండరాంనగర్, సీసలబస్తీ వంటివి రోజుల తరబడి నీటిలో నానాయి. ఆ పాపాన్ని టవర్లకు అంటగట్టడం న్యాయం కాదు. నాలాలను కుదించి, చెరువు శిఖాల్లోకి చొచ్చుకెళ్లి కట్టిన చిన్న ఇళ్లు, మామూలు అపార్టుమెంట్లే అప్పటికి అక్కడ ఎక్కువ. అయితే ఎగువన ఒక్కొక్క అనుమతినీ విడివిడిగా చూసి, అన్నీ కలిసి దిగువకు తెచ్చే భారాన్ని చూడకపోతే ఏమవుతుందో ఆ వరద చూపింది. ఆ తర్వాతే ప్రభుత్వం నాలాల అభివృద్ధికి ఎస్ఎన్‌డీపీ పేరుతో ప్రత్యేక కార్యక్రమం చేపట్టింది.

చెప్పుకొనే వేదిక ఏది?

20 వేల చదరపు మీటర్లు దాటిన నిర్మాణాలకు 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి తప్పనిసరి. కానీ భవన నిర్మాణ ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి అదే నోటిఫికేషన్ మినహాయింపు ఇచ్చింది. 2020 నాటి టీఎస్‌బీపాస్ చట్టం అనుమతుల మంజూరుకు 21 రోజుల గడువు పెట్టింది. దరఖాస్తుదారుకు ఇది మేలే. పొరుగువారికి మాత్రం తవ్వకం యంత్రం వచ్చాకే విషయం తెలుస్తోంది. స్థలం వినియోగాన్ని మార్చే సందర్భంలో పత్రికా ప్రకటన ద్వారా అభ్యంతరాలు కోరుతారు. ఆ ప్రకటనను చూసేవారు తక్కువ.

నిబంధనలపై నమ్మకం సడలడానికి మరో కారణమూ ఉంది. అతిక్రమణలను 2007లో బీపీఎస్ పేరుతో, 2015లో మరో పథకం ద్వారా రుసుము కట్టించుకొని క్రమబద్ధీకరించేందుకు ప్రభుత్వాలే ముందుకొచ్చాయి. కాగితం మీద ఉన్న ఖాళీ స్థలం కట్టడంలోనూ ఉంటుందన్న భరోసా జనానికి కలగకపోవడంలో ఆశ్చర్యం లేదు.

అడగాల్సింది ఇదీ

టవర్ కావాలా వద్దా అన్న వాదన ఎంతకాలం సాగినా తేలదు. నిబంధనలు అనుకూలిస్తే అనుమతి వస్తుంది. అందువల్ల కాలనీ సంఘాలు పట్టుబట్టాల్సినవి మూడు. మొదటిది, దరఖాస్తు దశలోనే స్థలం వద్ద అంతస్తులు, ఫ్లాట్ల సంఖ్య, మురుగు ఎక్కడ కలుస్తుందో తెలిపే బోర్డు పెట్టించాలి. రెండోది, హైరైజ్ అనుమతికి రోడ్డుతోపాటు నాలా, మురుగు గొట్టాల సామర్థ్యాన్నీ ప్రామాణికం చేయాలి. అవి పూర్తయ్యేవరకు నివాసయోగ్య పత్రం ఇవ్వరాదు. మూడోది డబ్బు లెక్క. ఎత్తయిన భవనాల నుంచి వసూలు చేసే మౌలిక వసతుల ప్రభావ రుసుమును ప్రత్యేక ఖాతాలో ఉంచి, సగం మొత్తాన్ని అదే ప్రాంతంలో ఖర్చు చేయాలని 2012 నిబంధనల్లోనే ఉంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో ఎంత వసూలైంది, ఏ నాలాకు ఎంత వెచ్చించారు అన్నది వార్డులవారీగా ప్రకటించాలి. అధికారులు ప్రకటించకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద ఏ పౌరుడైనా అడగవచ్చు.

పై అంతస్తులో ఫ్లాటు కొన్నవారూ, కింది బస్తీలో ఉన్నవారూ ఒకే నాలా మీద ఆధారపడ్డారు. వచ్చే వానాకాలంలోపు ఆ లెక్క బయటకు వస్తే రెండు వర్గాలకూ మేలు.