బ్యాక్‌గ్రౌండ్ మీద మనకెందుకంత పగ?

ముందే చెప్పేస్తున్నా, ఇది కెమెరాలు కొనొద్దని బోధించే టపా కాదు. నా దగ్గరా ఒక మిర్రర్‌లెస్ ఉంది, దాని ఈఎంఐలు కూడా అయిపోయాయి. నా గొడవంతా దాని ముందు తగిలించే లెన్సు గురించి మనవాళ్ళు పెంచుకున్న మూఢభక్తితో. సూటిగా చెప్పాలంటే ఎఫ్/1.4 మతంతో.

ఏ ఆఫీసులోనైనా చూడండి. ఎవరైనా కెమెరా కొన్న వారానికే "కిట్ లెన్సు వేస్టు బాసూ, ప్రైమ్ తీస్కో" అనే సలహాదారు ఒకడు తయారవుతాడు. ఎందుకయ్యా అంటే "బ్యాక్‌గ్రౌండ్ వెన్నలా కరిగిపోద్ది" అంటాడు. నిజమే, కరిగిపోతుంది. కరిగిపోయేదేమిటో ఎప్పుడైనా చూశారా? మనోడు పండక్కి ఊరెళ్ళి అమ్మ ఫొటో తీస్తాడు. ఒక కన్ను పదునుగా వస్తుంది, రెండో కన్ను కాస్త మెత్తగా. ఇక వెనకాల ఆవిడ ముప్ఫై ఏళ్ళు వంట చేసిన వంటిల్లు, పోపుల డబ్బా, కిరాణా కొట్టువాడిచ్చిన క్యాలెండరు, దాని మీద పెన్సిలుతో రాసుకున్న పాల లెక్క... అన్నీ కలిసి పసుపూ ఆకుపచ్చా కలిపిన ఒక ముద్ద. ఆ ఫొటో తెనాల్లో తీశారో టెక్సాస్‌లో తీశారో పదేళ్ళు పోతే తీసినవాడికే గుర్తుండదు.

ఇంజనీర్లం కదా, లెక్కల్లోకి వద్దాం. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 85 ఎంఎం లెన్సు, ఎఫ్/1.4, రెండు మీటర్ల దూరం. పదునుగా వచ్చే లోతు సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు. మనిషి ముక్కు కొస నుంచి చెవి దాకా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అదే కెమెరా మీద 35 ఎంఎం లెన్సు, ఎఫ్/8 పెట్టి మూడు మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే సుమారు 1.9 మీటర్ల నుంచి ఏడు మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. అంటే అమ్మ, పొయ్యి, గట్టు, క్యాలెండరు, తలుపు అవతల పెరట్లో జామచెట్టు, మొత్తం.

"మరి అంత పెద్ద ఎపర్చర్ లెన్సులు తయారుచేసినవాళ్ళు పిచ్చివాళ్ళా?" అని అడుగుతారు. కాదండీ, వాళ్ళకో అవసరం ఉంది. ఫిల్ము రోజుల్లో వెలుతురు తక్కువైతే ఫొటో రాదు. కాబట్టి ఎక్కువ వెలుతురు లోపలికి రానిచ్చే లెన్సు కావాలి. స్టాన్లీ కుబ్రిక్ 1975లో వచ్చిన 'బ్యారీ లిండన్' సినిమాలో కొవ్వొత్తి వెలుగులోనే సీన్లు తీయడానికి జైస్ వాళ్ళు నాసా కోసం చేసిన ఎఫ్/0.7 లెన్సు వాడింది అందుకే. లోతు తగ్గిపోవడం అప్పట్లో వెలుతురు కోసం కట్టిన జరిమానా. ఇప్పుడు ఆ జరిమానానే వేలకు వేలు పోసి కొనుక్కుంటున్నాం! అసలు 'బోకే' అన్న జపాన్ మాట ఇంగ్లీషు ఫొటోగ్రఫీ పత్రికల్లోకి ఎక్కిందే 1997లో. అంతకు ముందు నూట యాభై ఏళ్ళు ఫొటోగ్రాఫర్లు ఆ పేరు పలక్కుండానే బతికేశారు.

అసలు తమాషా ఏమిటంటే, ఆ వెలుతురు సమస్యని మిర్రర్‌లెస్ దాదాపు తీర్చేసింది. కిటికీ వెలుతురు పడే వంటింట్లో ఎఫ్/1.4, సెకనులో 125వ వంతు, ఐఎస్ఓ 200తో వచ్చే ఫొటోనే ఎఫ్/8తో తీయాలంటే ఐదు స్టాపులు పోతాయి, అంటే ముప్ఫైరెండు రెట్లు వెలుతురు. ఐఎస్ఓ 6400 పెట్టాలి. ఫిల్ముతో అయితే గరుకు గరుకుగా ఉప్మా రవ్వలా వచ్చేది. ఇప్పటి సెన్సర్లకి అదో లెక్కే కాదు. పైగా 2014లో సోనీ ఏ7 రెండో మోడల్ నుంచి ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీలోనే స్టెబిలైజేషన్ వచ్చింది. మనిషి కదలకుండా నుంచుంటే సెకనులో 30వ వంతుకి దిగొచ్చు, ఐఎస్ఓ 1600 చాలు. ఇంటి లోపల, ఫ్లాష్ లేకుండా, స్టాండు లేకుండా, గదిలో ఉన్నదంతా స్పష్టంగా తీయగలిగే వీలు సామాన్యుడికి ఫొటోగ్రఫీ చరిత్రలో ఇప్పుడే వచ్చింది. ఆ వీలుని చేతిలో పెట్టుకుని మనం చేస్తున్న పనేమిటి? గదిని తుడిచేయడం.

కంపెనీల పాత్ర కూడా చూడాలి. జపాన్ కెమెరా కంపెనీల సంఘం సీపా లెక్కల ప్రకారం 2010లో పన్నెండు కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు షాపులకి వెళ్ళాయి. 2023లో అది 80 లక్షల లోపు. మామూలు ఫొటోని ఫోను మింగేసింది. ఇక కంపెనీలు అమ్ముకోవాల్సింది ఫోను తీయలేని ఫొటోని, అంటే బ్లర్‌ని అని నా అభిప్రాయం. 2018లో నికాన్, కెనాన్ కూడా ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లోకి దిగాక పోటీ ఎంత దూరం పోయిందంటే, 2019లో నికాన్ ఎఫ్/0.95 లెన్సు ఒకటి వదిలింది. రెండు కిలోల బరువు, దాదాపు ఎనిమిది వేల డాలర్లు. అంత కాకపోయినా, సోనీ 85 ఎంఎంలో ఎఫ్/1.8 లెన్సు 371 గ్రాములు, వచ్చినప్పుడు 600 డాలర్లు. ఎఫ్/1.4 లెన్సు 820 గ్రాములు, 1800 డాలర్లు. ఆ రెంటి మధ్య వెలుతురు తేడా స్టాపులో మూడింట రెండొంతులు! దీనికి మనవాళ్ళు పెట్టుకున్న పేరు 'ఇన్వెస్ట్‌మెంట్'.

ఫోన్లు ఊరుకున్నాయా? 2016లో ఐఫోన్ 7 ప్లస్‌తో పోర్ట్రెయిట్ మోడ్ వచ్చి సాఫ్ట్‌వేర్‌తోనే వెనకాలంతా అలికేయడం మొదలైంది. ఆఫీసు వీడియో కాల్‌లోనూ అంతే. వెనక దండెం మీద ఆరేసిన బట్టలు, మంచం మీద అమ్మమ్మ కనిపించకూడదని బ్లర్ నొక్కి కూర్చుంటాం. అసలు జబ్బు ఇక్కడుందని నా అనుమానం. లెన్సు మీద ప్రేమ సగమే, మిగతా సగం మన వెనకాల ఉన్నదాని మీద సిగ్గు. పెచ్చులూడిన గోడ, ప్లాస్టిక్ కుర్చీ, నీళ్ళ డ్రమ్ము కనిపిస్తే ఫొటో 'ప్రొఫెషనల్'గా ఉండదట. ఎవరి ప్రొఫెషన్ బాబూ? ఆ ఇంట్లో కూర్చుని చదివే కదా మనకీ ఉద్యోగాలొచ్చింది.

పెళ్ళిళ్ళ సంగతి సరేసరి. లక్షలు పోసిన ఆల్బమ్‌లో పెళ్ళికూతురి కనురెప్పలు లెక్కపెట్టొచ్చు. వెనక అక్షింతలు పట్టుకుని నిలబడ్డ పెదనాన్నలూ మేనత్తలూ మాత్రం గుండ్రటి రంగు బుడగలు. పాతికేళ్ళ కిందటి కొడాక్ కేబీ10 లాంటి ఫిక్స్‌డ్ ఫోకస్ కెమెరాతో తీసిన పాత ఆల్బమ్ తెరవండి. ఫొటోలు గొప్పగా ఉండవు, తలలు తెగుతాయి, కళ్ళు ఎర్రగా ఉంటాయి. అయినా ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి చూసేది ముందున్న మనుషుల్నొక్కళ్ళనేనా? "అదిగో మన పాత టీవీ, దాని మీద అమ్మ కుట్టిన గుడ్డ", "ఆ మూల నిలబడ్డది పోయిన బాబాయి కదూ" అని వెనకాలే వెతుక్కుంటాం. మా ఇంట్లో ఒక ఫొటోలో నాన్నగారి స్కూటరు వెనక ఉన్న రేకుల షెడ్డు కోసమే ఆ ఫొటోని దాచుకున్నాం. ఆ షెడ్డు ఇప్పుడు లేదు.

సిద్దిపేట జిల్లాలో మల్లన్నసాగర్ కింద పోయిన వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్ వాళ్ళనడగండి, పోలవరం ముంపు ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళనడగండి. వాళ్ళకి ఫొటోలో ఏది ముఖ్యం, మొహమా, వెనకున్న వాకిలా? మొహం ఇంకా అద్దంలో కనిపిస్తుంది. వాకిలి నీళ్ళ కింద ఉంది. మన ఊళ్ళకి రిజర్వాయరు రాకపోవచ్చు, బిల్డర్ వస్తాడు.

ఆరో నిజాం కొలువులో పనిచేసిన రాజా దీన్‌దయాళ్ గాజు ప్లేట్ల మీద తీసిన దర్బారులూ ప్యాలెస్‌లూ వేట శిబిరాలూ చూస్తే, నూరేళ్ళు దాటినా తివాచీ అంచు దగ్గర్నుంచి చదువుకోవచ్చు. 1932లో శాన్‌ఫ్రాన్సిస్కోలో యాన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ లాంటివాళ్ళు జట్టు కట్టి తమ జట్టుకి పెట్టుకున్న పేరే ఎఫ్/64! అంటే లెన్సు రంధ్రాన్ని సూదిమొనంత చేసి కనిపించినదంతా స్పష్టంగా చూపించడం. వాళ్ళ ముందు "బ్యాక్‌గ్రౌండ్ కరిగిపోద్ది" అని చెప్పే ధైర్యం మన సలహాదారుకి ఉందా?

"గందరగోళంగా ఉన్న వెనకభాగం దృష్టి మళ్ళిస్తుంది కదా" అంటారు. మళ్ళిస్తుంది. అందుకే రెండడుగులు పక్కకి జరిగి, కాస్త వంగి, ఏది లోపల ఉండాలో ఏది బయట ఉండాలో తేల్చుకోవాలి. అదే కదా ఫొటోగ్రఫీ అంటే! ఎఫ్/1.4 చేసేది ఆ ఆలోచన నుంచి తప్పించడం. కోడ్‌లో వచ్చిన ఎర్రర్లన్నీ ట్రై-క్యాచ్‌లో పడేసి ఖాళీగా వదిలేసేవాణ్ణి రివ్యూలో ఉతికి ఆరేస్తామే, ఇదీ ఆ బాపతే. కొమ్మ మీద పిట్టని తీస్తారా, స్టేజీ మీద డాన్సరుని తీస్తారా, నిక్షేపంగా బ్లర్ చేసుకోండి, నాకే పేచీ లేదు. ఇల్లూ వాకిలీ మనుషులూ దగ్గర మాత్రం ఆగండి.

ఈసారి ఊరెళ్ళినప్పుడు ఆ ఖరీదైన ప్రైమ్‌ని బ్యాగులోనే ఉంచి, "వేస్టు" అన్న ఆ కిట్ లెన్సే తగిలించండి. ఎఫ్/8, ఆటో ఐఎస్ఓ. అమ్మని వంటింట్లో, నాన్నని అరుగు మీద, తాతయ్యని ఆయన మందుల డబ్బా పక్కన నిలబెట్టి గదంతా పట్టేలా తీయండి. ఓ పది ఫొటోలు ప్రింటు వేయించి వెనక పేర్లూ తేదీ రాయండి. తర్వాత నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి, పడతాను. కానీ ఆ ప్రింట్లు ముందు అమ్మకి చూపించి, ఆవిడ వేలు ఫొటోలో ఎక్కడ పెట్టి మాట్లాడుతుందో చూసి మరీ తిట్టండి.