ఆ కాళ్లు పెద్దవయ్యేలోగా...

మన సినిమాల్లో ఈ షాటు మీరు వందసార్లు చూసుంటారు. ఆకలేసిన కుర్రాడు కొట్లో బన్ను కాజేస్తాడు. 'దొంగ... దొంగ' అంటూ జనం వెంటపడతారు. వాడు పరిగెడుతుంటే కెమెరా కాళ్ల మీదికి దిగుతుంది. చిన్న కాళ్లు కాస్తా పెద్ద కాళ్లవుతాయి, బూట్లొస్తాయి, కెమెరా పైకి లేచేసరికి హీరోగారు! హాలంతా ఈలలు.

బాగానే ఉంది. కానీ ఆ ఒక్క కట్‌లో పది పన్నెండేళ్లు ఎగిరిపోయాయి గదా, ఆ ఏళ్లలో వాడికేమైందని ఎప్పుడైనా అడిగారా? అసలు కథ అక్కడే ఉంది. బన్ను కాజేసిన ప్రతివాడూ గజదొంగ కాడు. ఆ తర్వాత వాడు ఎవరి చేతుల్లో పడ్డాడన్నదే ముఖ్యం. 'ఆవారా' (1951)లో రాజ్ జగ్గా చేతుల్లో పడ్డాడు, చూశారుగా!

ఆ ఏళ్లని ఎగరగొట్టకుండా చూపించిన సినిమా ఒకటుంది. 1959లో ఫ్రాన్సులో వచ్చిన 'ది ఫోర్ హండ్రెడ్ బ్లోస్'. ఆంత్వాన్ అనే కుర్రాడంటే బళ్లో మేష్టరికి పడదు, ఇంట్లో తల్లికి విసుగు. బడి ఎగ్గొట్టి సినిమాలకి పోతాడు (మనలో పోనివాళ్లెవరు లెండి). పెంపుడు తండ్రి ఆఫీసులో టైపు మిషను ఎత్తుకొచ్చి, అమ్ముడుపోక, తిరిగి పెట్టబోతూ దొరికిపోతాడు. ఆ తండ్రే స్వయంగా పోలీసులకి అప్పగిస్తాడు. రాత్రంతా పెద్దవాళ్ల మధ్య లాకప్పులో! పోలీసు వ్యానులో ఊచల వెనక వాడి కళ్లల్లో నీళ్లు చూస్తే ఈల వెయ్యబుద్ధి కాదు.

ఆ సినిమా తీసిన ఫ్రాంస్వా త్రుఫోకి ఇది సొంత గొడవే. 16 ఏళ్లకే ఫిల్మ్ క్లబ్బు పెట్టి అప్పులపాలయ్యాడు. పెంచిన తండ్రి పోలీసులకి అప్పగిస్తే బాలనేరస్థుల కేంద్రానికి వెళ్లాడు. బయటపడటానికి సాయపడింది ఆంద్రే బజాఁ అనే సినీ విమర్శకుడు. తర్వాత సైన్యంలోంచి పారిపోయి మళ్లీ చిక్కుల్లో పడ్డా ఆయనే వచ్చాడు. ఇంట్లో చోటిచ్చాడు, పత్రికలో రాయించాడు. 1959లో కాన్స్‌లో ఉత్తమ దర్శకుడి బహుమతి అందుకున్నది ఆ కుర్రాడే.

అందరికీ బజాఁ దొరకడుగా! అందుకే చట్టం కావాల్సొచ్చింది. మన దేశంలో 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లని లాకప్పులోగానీ జైల్లోగానీ పెట్టకూడదు. మేజిస్ట్రేటుతోపాటు ఇద్దరు సంఘ సేవకులుండే బోర్డు విచారిస్తుంది. (16 దాటినవాడి మీద ఘోరమైన నేరం ఆరోపణ ఉంటే పెద్దవాళ్లలా విచారించే వీలూ పెట్టారు. దాని మీద వాదోపవాదాలు చాలానే నడిచాయి.) నాకు నచ్చిన సంగతి మరోటి. కుర్రాడి ఇల్లెలాంటిది, బడి ఎందుకు మానాడు, ఎవరితో తిరుగుతున్నాడు అని వాకబు చేసి రిపోర్టు రాయాలి. మన డైరెక్టర్లు ఎగరగొట్టిన ఏళ్లన్నీ ఆ కాగితాల్లోకి రావాలన్నమాట. అది మొక్కుబడిగా రాస్తే మాత్రం ఎంత మంచి చట్టమైనా ఏం లాభం?

అంతవరకూ రానివ్వకుండా చూడటమే మేలు. మీ బ్యాచ్‌లో వారం రోజులుగా క్లాసుకి రానివాడుంటే ఓసారి ఇంటికెళ్లి పలకరించండి. సరదాకి ఎవరిదో బండి తాళం తిప్పుదామనేవాడుంటే వెనక సీటెక్కకండి. స్టేషన్లో ఒంటరిగా తిరిగే పిల్లాడు కనిపిస్తే 1098కి ఫోన్ చెయ్యండి. డబ్బులక్కర్లేదు, ఏ వేళప్పుడైనా పలుకుతారు.