నలుపులో ఎన్ని నలుపులు!

మైసూరులో మూడు తరాలుగా స్థిరపడిన కుటుంబపు సోదరి ఒకరు మాకు ఉత్తరం వ్రాశారు. వారి నాన్నగారు నడిపిన యెజ్డీ మోటారు సైకిలును వారి అబ్బాయి మళ్ళీ రోడ్డెక్కించదలచాడట. ఫ్రేము, స్టాండు, స్వింగ్ ఆర్మ్ విప్పి పౌడర్ కోటింగుకు పంపబోతున్నాడు. "నలుపే గదా, అందులో ఎంచుకునేదేమున్నది?" అని వారి ప్రశ్న.

ఆ ఊళ్ళోనే 1961 నుంచి జావాలు, 1973 నుంచి యెజ్డీలు తయారై, 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడ్డది. తాతగారి ఫ్రేము పాడైతే అక్కడికి వెళ్ళి ఇంకొకటి అడిగే వీలు లేదు. అందువల్ల ఈ ప్రశ్నను చిన్నదిగా మేము తలచడం లేదు.

నూనె రాసిన జడవలె మెరిసే నలుపు ఒకటి, బడి పలకవంటి మాట్ నలుపు ఒకటి, రెంటికీ నడుమ సగం మెరుపు, చేతికి గరుకుగా తగిలేది మరొకటి. నిండు మెరుపు తుప్పు తిన్న ప్రతి గుంటనూ చాటి చెబుతుంది. మాట్ వాటిని దాస్తుంది గాని, నూనె చేతి మరకలు పట్టుకుని వదలదు. పాత ఫ్రేముకు మా ఓటు సగం మెరుపుకే. గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. దుకాణంవారు 9005 అనే నంబరు చెబుతారు. అది రంగు నంబరే గాని మెరుపు నంబరు కాదు. నమూనా రేకును ఎండలోకి తెచ్చి, పెట్రోలు ట్యాంకు పక్కన పెట్టి చూడాలి. ముక్కలన్నీ ఒకే దఫా ఇవ్వాలి. ఎండకు నిలిచేది పాలియెస్టర్ పొడి. ఎపాక్సీ ఒక్కటే పూస్తే కొన్నాళ్ళకు సున్నం రాలినట్లు వెలిసిపోతుంది.

రంగుకన్న ముఖ్యమైనది, ఆ రంగు కింద ఏమి దాగుతుందన్నది. పాత పూత ఊడగొట్టాక ఇనుము బోసిగా కనబడే రోజు ఒక్కటే. ఆ రోజున అతుకుల దగ్గర, స్టాండు తగిలే చోట పగుళ్ళున్నవేమో మంచి మెకానిక్కుకు చూపించాలి. మీద నలుపు పడ్డాక ఆ పగులు కనబడదు, బండి మాత్రం అబ్బాయిని ఎక్కించుకుని పరుగెడుతుంది.

పొడిని సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. రబ్బరు బుష్‌లు, మామూలు పుట్టీ ఆ వేడికి ఆగవు, ముందే తీసివేయించాలి. పెట్రోలు ఆవిరి మిగిలిన ట్యాంకును ఓవెన్‌లో పెట్టడం ప్రాణాపాయం. ట్యాంకుకు మామూలు పెయింటే మేలని మా అభిప్రాయం. సైలెన్సరుకు వేడికి తట్టుకునే వేరే పూత కావాలి.

పూత మందం 60 నుంచి 100 మైక్రానులు. వినడానికి స్వల్పమే గాని, బేరింగు కూర్చునే చోట, బోల్టు మరల్లో అదే అడ్డు. అక్కడ టేపు, బిరడాలు పెట్టించాలి. బ్యాటరీ ఎర్తు తీగ తగిలే చోట ఇనుము బయటికుండాలి.

ఇక మావంటి గుమాస్తాలకు తట్టే మాట ఒకటి. ఛాసిస్ నంబరు! ఇసుక కొట్టినప్పుడు అంకెలు అరగవచ్చు, దళసరి పూతలో పూడిపోనూవచ్చు. రిజిస్ట్రేషను పొడిగింపుకు వెళ్ళినప్పుడు పెన్సిలు అచ్చులో అంకె పడకపోతే జవాబు చెప్పుకోవలసింది బండిగలవారే. బండి అప్పగించేముందే ఆ నంబరును ఫోటో తీయించి, దానిమీద టేపు అంటించాలని రసీదులో వ్రాయించుకోమని అబ్బాయికి చెప్పవలసిందిగా ఆ సోదరికి మా మనవి.