రేకుల గూడు

అరకులో డిసెంబరు రాత్రి తలుపులు మూసిన బండిలో పడుకుంటే తెల్లవారుజామున నుదుటి మీద ఓ చుక్క పడుతుంది. బయట వానేమీ లేదు. రాత్రంతా నలుగురు వదిలిన ఊపిరే పైకి వెళ్లి, చల్లబడిన రేకుకు తగిలి, నీరై జారింది. సరుకుల డబ్బాను పడకగదిగా మార్చుకుని పిల్లలతో కొండలెక్కాలనుకునేవారు మంచాల కొలతల కంటే ముందు తేల్చుకోవలసింది ఆ చుక్క సంగతి.

అమెరికాలో కారు వెనుక తగిలించుకునే మూత ట్రెయిలర్లను కొని, లోపల పరుపులు, పొయ్యి అమర్చుకుని కుటుంబాలు అడవులకు వెళ్తుంటాయి. మన దగ్గర కారుకు ట్రెయిలర్ అరుదు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఎక్కే మలుపుల్లో ఎదురుగా బస్సు వస్తే, వెనుక ఇంకో బండి తగిలించి ఉన్న కారును వెనక్కి తీయడం చేయి తిరిగిన డ్రైవరుకైనా కష్టమే. అందుకే ఇక్కడ ఇలాంటి ఆలోచనకు వెనుక డబ్బా కట్టిన చిన్న వ్యానే అనువు. కలప, రేకు, నాలుగు బోల్టులతో తమ చేతులతో తామే గూడు కట్టుకోవాలన్న ఆ ముచ్చట మాకెంతో నచ్చుతుంది. అందులో పిల్లలకూ పని ఉంటుంది, తాతగారి సలహాకూ చోటుంటుంది.

ఆ చుక్కకు విరుగుడు ఉంది. రేకుకూ ప్లైవుడ్డుకూ మధ్య సందు మిగలకుండా నురుగు పలక అతికించాలి. కిందొకటి, పైనొకటి గాలి కన్నాలు పెట్టాలి. చలికి భయపడి వాటిని మూసేయకూడదు. వంటగ్యాసు గాలి కంటే బరువైనది, కారితే నేల మీదే పేరుకుంటుంది. అందుకే సిలిండరును లోపల ఉంచకుండా బయటి అరలోనే పెట్టి, దాని అడుగున రంధ్రం వదలాలి. అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. కొండ చలికి తట్టుకోలేక నిప్పుల కుంపటిని లోపలికి తెచ్చి తలుపు వేసుకోకండి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుంపటి వాకిట్లో, కంబళి లోపల ఉండాలి. కరెంటుకు పెద్ద హంగు అక్కర్లేదు. 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ ఒక్కటి చాలు, రెండు దీపాలు, చిన్న ఫ్యాను, ఫోన్లు రెండు రాత్రులు నడుస్తాయి. బరువు మాత్రం మరవకూడదు. 100 లీటర్ల నీళ్లంటే ఒక క్వింటా. దిగేటప్పుడు ఆ క్వింటా వెనుక నుంచి తోస్తుంది. చిన్న గేరులో దిగాలి తప్ప బ్రేకు మీదే భారం వేయకూడదు.

ఈ ముచ్చట మనకు కొత్తదేమీ కాదు. విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవానికి చుట్టుపక్కల పల్లెల వాళ్లు బళ్లు కట్టుకుని వచ్చేవారు. గూడుబండిలో వరిగడ్డి పరిచి, పైన బొంత వేసి, ఇరుసు కింద లాంతరు వేలాడదీసి బయలుదేరితే అదే ఇల్లు. ఎడ్లను విప్పిన చోట మూడు రాళ్ల పొయ్యి వెలిగేది. 1885లో బ్రిటన్‌లో గోర్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళ వైద్యుడు విహారం కోసమే ఒక బండి ఇల్లు కట్టించుకుని, దానికి వాండరర్ అని పేరు పెట్టి, రెండు గుర్రాలతో ఊళ్లు తిరిగాడు. కారవాన్ చరిత్రను అక్కడి నుంచి మొదలుపెడుతుంటారు. మన గూడుబండికి ఆ చరిత్రలో చోటు దక్కకపోయినా వరిగడ్డి మీది నిద్ర ఎరిగినవాళ్లు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు.

చట్టం సంగతీ చూసుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి స్పష్టం చేసింది. సరుకుల బండిగా నమోదైన దానిలో మనుషుల్ని ఎక్కించుకోకూడదు. మేకు కొట్టకముందే రవాణా కార్యాలయానికి వెళ్లి అనుమతి అడిగితే మేలు.

మాకు ఈ చక్రాల గూడు మీద మమకారం కలగడానికి అసలు కారణం వేరే ఉంది. మన్యంలో 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, జనం నోట 1/70 చట్టం, గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా కాపాడుతోంది. బొర్రా పంచాయతీ గనుల వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళితే 1997లో ఆ రక్షణను బలపరిచే తీర్పు వచ్చింది, కేసు వేసిన సమత అనే సంస్థ పేరుతో దాన్ని సమత తీర్పు అంటారు. అరకు దారిలో బొర్రా గుహల మలుపు దగ్గర ఆగేవాళ్లు ఆ నేలకు అంత చరిత్ర ఉందని ఒక్కసారైనా తలచుకోవాలి. పునాది తీయడానికి మనకు హక్కులేని నేల అది. అక్కడికి పునాది లేని ఇంటితో వెళ్లడం సబబుగా అనిపిస్తుంది. రాత్రికి నిలిచి, పొద్దున్నే కదిలిపోయే ఇల్లు అతిథి ఇల్లే అవుతుంది. యజమాని ఇల్లు కాదు.

అతిథికి అడిగి దిగడం తెలియాలి. ఖాళీగా కనిపించే మెట్ట ఎవరిదో చోడి చేను కావచ్చు, ఊరి పశువుల మేత కావచ్చు. పసుపుపచ్చని వలిసె పూలలో ఫొటోల కోసం దిగి తొక్కేసిన చాళ్లు ఏటా చూస్తున్నాం. పూసినంత అందంగానే ఆ గింజ రాలాలి, నూనె ఆడాలి, ఆ ఇంటికి నాలుగు డబ్బులు రావాలి. ఊళ్లో అడిగి, వాళ్లు చూపిన చోట నిలిపి, చోటుకు తగిన సొమ్ము ఇస్తే బండి ఆ ఊరికి బరువు కాదు. సబ్బు నీళ్లు గెడ్డలో కలపకూడదు. దిగువన ఇంకో ఊరు ఆ గెడ్డలోనే బిందె ముంచుతుంది. వాడిన నీటికి ఓ డబ్బా, మరుగుదొడ్డికి ఇంకో డబ్బా బండిలోనే ఉండాలి. రెండూ తిరిగి పట్నానికే రావాలి.

కూరగాయల సంచులు మాత్రం విశాఖ నుంచి మోసుకెళ్లనక్కర్లేదు. శుక్రవారం అరకు సంతలో పసుపు, అల్లం, రాజ్మా, చీపురుకట్టలు, కొండ నుంచి దిగిన ఆకుకూరలు దొరుకుతాయి. వాటిని తెచ్చే అమ్మలు తెల్లవారకముందే కావడి, బుట్ట ఎత్తుకుని నడిచి వస్తారు. బేరం ఆడకుండా కొనడానికి అంతకన్నా మంచి చోటు మాకు తెలియదు.

బయలుదేరే ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. వాలులో బండి జారకుండా చక్రాల కింద రాళ్లు పెడతాం. బండి కదలగానే వాటిని దారి మీదే వదిలేయడం ఘాట్లలో పాత అలవాటు. మంచు ఇంకా విడవదు. వెనుక నుంచి కాఫీ తోట పనికి ఇద్దరు మోటారు సైకిల్ మీద వస్తుంటారు. పిల్లల్ని దింపి, ఆ రాళ్లను రెండు చేతులతో ఎత్తించి, గట్టు పక్కన పెట్టించండి.